ఫోర్త్‌లో వర్డ్ ఎంత పొడవుండాలి?

అమెరికాలో ఎంబెడెడ్ ఉద్యోగాలకు వచ్చే మనవాళ్లకు సీ, జావా కొట్టిన పిండి. పాత పరికరాల ఫర్మ్‌వేర్ (పరికరంలోనే ఉండి దాన్ని నడిపే ప్రోగ్రామ్) చేతికొచ్చినప్పుడు మాత్రం ఒక్కోసారి ఫోర్త్ ఎదురవుతుంది. చార్లెస్ మూర్ తయారుచేసిన ఈ భాష 1970ల్లోనే ఆరిజోనాలోని కిట్ పీక్‌లో టెలిస్కోప్‌ను నడిపింది. ఇందులో గుర్తు చివర వస్తుంది. 2 3 + అని రాయడం మనకు వింతేమీ కాదు, "రెండూ మూడూ కలుపు" అనే అంటాం కదా! తడబడేది పొడవు దగ్గరే. సీలో నలభై లైన్ల ఫంక్షన్ చెల్లిపోతుంది. ఇక్కడ రొటీన్‌ను వర్డ్ అంటారు, అది ఒకటి రెండు లైన్లు దాటితే రివ్యూలో వెనక్కొస్తుంది.

కారణం సోకు కాదు. ఫోర్త్‌లో విలువలు ఒకదానిపై ఒకటి పేర్చినట్టు స్టాక్ మీద ఉంటాయి, వాటికి పేర్లుండవు. మూడు దాటాయంటే ఏది ఎక్కడుందో తలలో మోయాలి. స్టాక్‌లో కింది విలువను పైకి తెచ్చే రోట్, పిక్ పదే పదే అవసరపడుతున్నాయంటే అక్కడ వర్డ్‌ను ముక్కలుగా కొయ్యాలన్నమాట. లైన్లు లెక్కపెట్టడం కన్నా ఇదే నమ్మకమైన కొలత.

వోల్టేజిని అంకెగా మార్చే 12 బిట్ల ఏడీసీ రీడింగును 3300 మిల్లీవోల్టుల స్కేలుకు మార్చాలనుకోండి:

: మిల్లీవోల్టులు ( రీడింగు -- మి.వో. ) 3300 4095 */ ;

టెర్మినల్లో 2048 మిల్లీవోల్టులు . అని కొడితే (చివరి చుక్క ఫలితాన్ని చూపిస్తుంది) 1650 రావాలి. పొట్టి వర్డ్ లాభం ఇదే, బోర్డు మీదే విడిగా పరీక్షించొచ్చు. 16 బిట్ల సిస్టమ్‌లో, ఒకేసారి గుణించి భాగించే */ బదులు విడిగా గుణించి భాగిస్తే మధ్యలోనే ఓవర్‌ఫ్లో అవుతుంది. */ మధ్య ఫలితాన్ని రెట్టింపు వెడల్పులో ఉంచుకుంటుంది.

కొయ్యడంలోనూ ఒక గుంట ఉంది, కొత్తవాళ్లంతా పడేది. డూ-లూప్‌లోని ముక్కను బయటికి తీసి వేరే వర్డ్ చేస్తే, అందులోని ఐ (లూప్ లెక్క చెప్పే వర్డ్) చాలా సిస్టమ్‌లలో తప్పు విలువ ఇస్తుంది. లూప్ లెక్కలు రిటర్న్ స్టాక్‌లో, అంటే వర్డ్ ముగిశాక తిరిగి వెళ్లాల్సిన అడ్రస్‌లుండే రెండో స్టాక్‌లో ఉంటాయి, కొత్త వర్డ్‌ను పిలవగానే వాటిపైన రిటర్న్ అడ్రస్ వచ్చి కూర్చుంటుంది. ఐని లూప్‌లోనే చదివి, డేటా స్టాక్ మీదుగా పంపాలి. రిటర్న్ స్టాక్‌లో దాచిన విలువను వర్డ్‌ను ముగించే సెమీకోలన్‌కు ముందు తియ్యడం మరిచినా గోలే: ప్రోగ్రామ్ ఆ విలువనే అడ్రస్ అనుకుని ఎటో దూకుతుంది.

అలాగని అన్నీ ముక్కలు చెయ్యక్కర్లేదు. రిజిస్టర్లను వరసగా సెట్ చేసే వర్డ్ ఇరవై లైన్లున్నా ఫర్వాలేదు, స్టాక్ మీద ఏదీ మోయదు కాబట్టి. కోసిన ముక్కకు సరైన పేరు తట్టకపోతే ఆ కోత తప్పుచోట పడినట్టే, తిరిగి కలిపెయ్యండి.