మధ్యలో ఇరుక్కున్నవాడు

2025 ఆగస్టులో డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ కేంద్రం చట్టం తెచ్చినప్పుడు, మా ఆఫీసులో వారం పాటు టీ దగ్గర అదే చర్చ. ఒకతను, "చట్టం సంగతి తర్వాత, ఆ పోకర్ టేబుళ్ల మీద ఇద్దరిద్దరు కూడబలుక్కుని ఆడేవాళ్లు, నా జీతంలో సగం వాళ్లకే పోయింది" అన్నాడు. నేను టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నా. ఎందుకంటే అలాంటి ఇద్దరిలో నేనొకణ్ణి.

2020 లాక్‌డౌన్. బెంగళూరు మారతహళ్లిలో నేనూ, మా మేనత్త కొడుకూ ఒకే ఫ్లాట్‌లో ఉండేవాళ్లం. సాయంత్రం ఆరుకి లాప్‌టాప్ మూసేస్తే చేసేదేమీ లేదు. ఇద్దరికీ పోకర్ అనే పందెం పేకాట యాప్‌లో ఖాతాలున్నాయి. ఓ రోజు అనుకోకుండా ఇద్దరం ఒకే టేబుల్ మీద పడ్డాం. బావ తన ఫోను నా వైపు తిప్పి, "ఇదిగోరా నా ముక్కలు" అన్నాడు. అంతే, అలా మొదలైంది. రేపట్నుంచి మోసం చేద్దాం అని ఎవరూ అనలేదు. ఒకే ఇంటి నుంచి ఆడుతున్నట్టు యాప్‌కి తెలియకుండా బావ వైఫైలో, నేను మొబైల్ డేటాలో ఆడాలని మాత్రం మర్నాడే నిర్ణయమైపోయింది.

మొదట్లో నేననుకున్నది, పక్కవాడి ముక్కలు తెలియడమే పెద్ద లాభమని. లెక్క వేసి చూస్తే తుస్సుమంది. ఫ్లాప్, అంటే అందరికీ ఉమ్మడిగా తెరిచే మొదటి మూడు ముక్కలు పడ్డాక, నా చేతిలోని రెండిటితో కలిపి నాకు నాలుగు ఆఠీన్లు ఉన్నాయనుకోండి, ఐదూ ఒకే రకమైతే పెద్ద చెయ్యి కాబట్టి ఐదోది కావాలి. నాకు కనపడని 47 ముక్కల్లో 9 ఆఠీన్లు మిగిలాయి, అంటే 19 శాతం. బావ చేతిలో రెండు ఆఠీన్లున్నాయని తెలిస్తే 45లో 7, దాదాపు 16 శాతం. ఇంత దొంగతనానికి మూడు శాతం తేడా!

అసలు డబ్బు ఇంకో చోట ఉంది. మా టేబుల్‌లో బ్లైండ్లు, అంటే ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టాల్సిన పందేలు, 5, 10. ముందున్నవాడు పందెం 30కి పెంచుతాడు, అదే రెయిజ్. నేను 100 అంటాను. బావ 320 అంటాడు. మా మధ్యలో ఇరుక్కున్న ఆ 30వాడికి మా ఇద్దరి దగ్గరా గట్టి ముక్కలున్నట్టే కనిపిస్తుంది, కాబట్టి పెట్టింది వదులుకుని ముక్కలు పడేస్తాడు. బ్లైండ్లవాళ్లూ పడేస్తారు. ఆ తర్వాత నేనూ పడేస్తాను. నా వంద బావ దగ్గరికే పోయింది, అంటే ఇంట్లోనే ఉంది. బయటివాళ్ల నుంచి వచ్చింది వాడి 30, బ్లైండ్ల 15, మొత్తం 45 రూపాయలు. మా చేతుల్లో ఏముందన్నది అనవసరం. సాయంత్రానికి ఇలాంటివి ఓ ముప్పై జరిగితే కరెంటు బిల్లు వెళ్లిపోయేది.

ఒక ఆట మాత్రం గుర్తుండిపోయింది. అవతల ఆడుతున్నవాడి పేరు చూస్తే గోదావరి జిల్లావాడని తెలిసిపోతోంది. మాలాగే వెయ్యి రూపాయలతో కూర్చున్నాడు. ఎప్పటిలాగే 30, 100, 320. ఈసారి వాడు పడెయ్యలేదు, కాల్ చేశాడు, అంటే తనూ 320కి సరిపెట్టాడు. నేనూ చేశాను. ఫ్లాప్‌లో రాజు, తొమ్మిది, నాలుగు. వాడు చెక్ అన్నాడు, అంటే డబ్బు పెట్టకుండా వదిలాడు. నేను 400 పెట్టాను. నా చేతిలో కళావరు ఎనిమిది, ఏడు. ఏమీ లేనట్టే. బావ దగ్గర పదుల జత, ఉన్నదంతా పెట్టి ఆల్ ఇన్ కొట్టేశాడు. వాడి గడియారం చివరి సెకను దాకా తిరిగింది. పడేశాడు. పడేస్తూ ముక్కలు తిప్పి చూపించాడు, రాణుల జత. మా ఇద్దరి కంటే వాడిదే పెద్ద చెయ్యి.

చాట్‌లో ఓ మెసేజ్ వచ్చింది. "అన్నా, మీరిద్దరూ ఒకటేనా?"

మా బావ పేరును బట్టి తెలుగువాడని అతను కనిపెట్టి ఉంటాడు. "రిప్లై ఇవ్వకు" అన్నాడు బావ. నేను మాత్రం "లేదు బ్రో" అని కొట్టాను. ఆ రెండు మాటలు ఎందుకు కొట్టానో ఇప్పటికీ అర్థం కాదు. ఊరుకుంటే సరిపోయేది కదా.

పందొమ్మిదో రోజు రెండు ఖాతాలూ ఆగిపోయాయి. వేర్వేరు ఇంటర్‌నెట్ వాడాం కదా, ఎలా దొరికామని నాకు ఆశ్చర్యం. మెయిల్‌లో వాళ్లు రాసింది చదివితే నవ్వొచ్చింది. అన్ని వందల ఆటల్లో మేమిద్దరం ఒకరి మీద ఒకరం చివరిదాకా ఒక్కసారి కూడా వెళ్లలేదట. మూడోవాడు ఉన్నంతసేపూ పులుల్లా రెయిజ్ చేసుకోవడం, వాడు పోగానే ఒకడు పడెయ్యడం. ఐపీ అడ్రస్ దాచుకున్నాం, అలవాటు దాచుకోలేదు. ఖాతాల్లో ఉన్న 14 వేల చిల్లర నష్టపోయిన ఆటగాళ్లకు పంచుతామన్నారు. రాణులవాడికి వాడి 320 వెళ్లిందో లేదో మాకు తెలిసే దారి లేదు.

మొన్న సంక్రాంతికి తణుకులో మావయ్యగారింట్లో రమ్మీ వేశారు. బావ వచ్చి నా పక్కన కూర్చోబోయాడు. మావయ్య పేక కట్టు కలుపుతూ, తలెత్తకుండానే, "బావా బావమరుదులు పక్కపక్కన వద్దమ్మా, ఒకడు పారేసింది ఇంకొకడు ఎత్తుకుంటాడు. నువ్వెళ్లి ఎదురుగా కూర్చో" అన్నాడు. ఆయనకేమీ తెలియదు. ప్రతి ఏడూ అందరికీ చెప్పేదే అది.

బావ లేచి వెళ్లి ఎదురుగా కూర్చున్నాడు. ఆట అయ్యేదాకా ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.