బిల్లును ఆపాలంటే మండలి గడువు లెక్క తెలియాలి

మన శాసనసభల్లో బిల్లు పెట్టడానికీ, పాస్ అవడానికీ మధ్య ఒక్కోసారి రెండు రోజులు కూడా ఉండవు. అందుకే ముసాయిదా గురించి వినపడగానే పని మొదలుపెట్టాలి.

ఎమ్మెల్యేకి ఇచ్చే కాగితం ఒక్క పేజీ దాటకూడదు. సెక్షన్ నంబరు, అందులోని వాక్యం యథాతథంగా, దానివల్ల ఆయన నియోజకవర్గంలో ఎవరికి ఏం పోతుందో, బదులుగా ఏ వాక్యం ఉండాలో రాయండి. ఈ చివరిదే అసలు ప్రాణం. ‘బిల్లు వెనక్కి తీసుకోవాలి’ అని మాత్రమే ఉన్న వినతిపత్రం పీఏ దగ్గరే ఆగిపోతుంది. సవరణ వాక్యం సిద్ధంగా ఉంటే సభ్యుడు దానితోనే నోటీసు ఇవ్వగలడు. అసెంబ్లీ మొదలయ్యాక హైదరాబాద్‌కో, వెలగపూడికో పరుగెత్తేకంటే, ముందే ఆయన ఊళ్లో ఉన్నప్పుడు పదిమంది ఓటర్లతో వెళ్లడం మేలు.

తర్వాత శాసనమండలి, అంటే ఎగువ సభ. ఆంధ్రప్రదేశ్‌లో 58 మంది సభ్యులు, తెలంగాణలో 40 మంది. పట్టభద్రుల, టీచర్ల ఎమ్మెల్సీలను ముందు కలవండి. మామూలు బిల్లును మండలి 3 నెలలు ఆపగలదు. అసెంబ్లీ మళ్లీ పాస్ చేసి పంపితే ఇంకో నెల, అంతే. పన్నులు, ప్రభుత్వ ఖర్చులకు సంబంధించిన ద్రవ్య బిల్లుకైతే 14 రోజులే. 2020 జనవరిలో మండలిలో ఆగిన ఆంధ్రప్రదేశ్ మూడు రాజధానుల బిల్లులను జూన్‌లో అసెంబ్లీ మళ్లీ ఆమోదించింది, జూలై 31న గవర్నర్ సంతకం పడింది. మండలి ఇచ్చేది గడువు మాత్రమే. ఆ నెలల్లోనే గ్రామసభల తీర్మానాలు, గవర్నర్‌కి వినతి, కోర్టు కాగితాలు సిద్ధం కావాలి.