పురుగులకు మేత, హెడ్జ్‌హాగ్‌కు పథ్యం

అమెరికాలో ఉద్యోగాలకు వచ్చినవారి కుటుంబసభ్యులకు ఇచ్చే హెచ్-4 వీసా మీద వచ్చిన వారిలో కొందరికి 2015 నుంచి ఉద్యోగానుమతి కార్డు దొరుకుతోంది. ఆ కార్డు చేతికి వచ్చాక నాకు డాలస్ శివారులో ఒక పెంపుడు జంతువుల దుకాణంలో పని కుదిరింది. కుక్కల, పిల్లుల విభాగాలు అప్పటికే నిండి ఉండటంతో, ఎవరూ కోరుకోని పురుగుల గది నా వంతుకు వచ్చింది. బల్లులకూ కప్పలకూ వేసే పురుగులు కొనేవారు పెద్దగా ఏమీ అడగరు. సందేహాలన్నీ ఒంటి మీద ముళ్ళుండే చిన్న జంతువులైన హెడ్జ్‌హాగ్‌లను పెంచేవారివే.

ఇక్కడ ఇళ్ళలో పెరిగేది ఆఫ్రికా జాతి హెడ్జ్‌హాగ్. సాధారణంగా 300 నుంచి 600 గ్రాముల బరువుండి, పగలంతా నిద్రపోయి రాత్రి తిరుగుతుంది. కాలిఫోర్నియాలో దీన్ని పెంచడం నిషేధం, టెక్సాస్‌లో ఆ బాధ లేదు. అడవిలో ఇది ఎక్కువగా పురుగులనే తింటుంది కనుక ఇంట్లోనూ వాటినే గిన్నె నిండా పోయాలని కొత్తవారు అనుకుంటారు. కానీ అడవిలో రాత్రంతా తిరిగి వెతుక్కుంటే దొరికే తిండి వేరు, పంజరంలో ముక్కు ముందుకు వచ్చి పడే తిండి వేరు. కొవ్వు తక్కువగా ఉన్న పిల్లి మేతను ప్రధానంగా పెట్టి, దానికి తోడు రాత్రికి మూడు నాలుగు పురుగులు వేస్తే చాలు. మితిమీరి బలిసిన హెడ్జ్‌హాగ్ బెదిరినప్పుడు పూర్తిగా ముడుచుకోలేక, పొట్ట బయటపడి, తన ముళ్ళ రక్షణనే కోల్పోతుంది.

పురుగును ఎన్నుకోవడం కంటే ఆ పురుగు ఏం తిన్నదో చూసుకోవడమే ముఖ్యమని ఈ గదిలో పనిచేస్తేనే నాకు తెలిసింది. మీల్‌వార్మ్‌లనే పెంకు పురుగు పిల్లల్లోనూ కీచురాళ్ళలోనూ భాస్వరం ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. అవే మోతాదు మించి తింటూ పోతే జంతువు ఎముకలు బలహీనపడతాయి. అందుకే అమ్మకానికి ఒకటి రెండు రోజుల ముందు వాటికి కాల్షియం కలిపిన మేత, ఆకుకూరలు, క్యారెట్ ముక్కలు వేస్తాను. పురుగు కడుపులో ఉన్నది హెడ్జ్‌హాగ్ కడుపులోకి చేరుతుంది. పెట్టే ముందు కాల్షియం పొడిలో పొర్లించడం ఇంకో పద్ధతి. నల్ల సైనిక ఈగ లార్వాలలో మాత్రం కాల్షియం సహజంగానే దండిగా ఉంటుంది, వాటికి ఈ హంగు అక్కరలేదు. తేనెపట్టు మైనంలో పెరిగే, కొవ్వు మెండుగా ఉండే వాక్స్‌వార్మ్ అనే పురుగు పండుగనాటి అరిసె లాంటిది, ఎప్పుడో ఒకటి పెట్టాలి. దాని రుచి మరిగి మామూలు మేత ముట్టని జంతువులు ఉన్నాయని కొనేవారు చెబుతుంటారు.

మీల్‌వార్మ్‌లను గోధుమ తవుడులో ఉంచి ఫ్రిజ్‌లో పెడితే అవి త్వరగా పెంకు పురుగులుగా మారవు. ఈ మాట వినగానే మనవాళ్ళ ముఖాలు మారిపోతాయి. తొలకరి తరువాత రాలిన ఉసిళ్ళను వేయించుకుని తినే ఊళ్ళు మన దగ్గర ఉన్నా, పెరుగు గిన్నె పక్కన ప్రాణమున్న పురుగుల డబ్బాను ఒప్పుకోవడం కష్టమే. పెరట్లో పట్టుకున్నవి వేయవచ్చా అని కొందరు అడుగుతారు. పచ్చికకు కొట్టిన మందులు, పురుగుల్లో ఉండే పరాన్నజీవులు జంతువుకు చేరతాయి కనుక వద్దని గట్టిగానే చెబుతాను.

ఒకసారి కొడుకు పంతం మీద హెడ్జ్‌హాగ్ తెచ్చుకున్న గుంటూరు ఆవిడ, “మా అత్తగారు మడి కట్టుకుని వంట చేస్తారమ్మా, పురుగులు ఫ్రిజ్‌లో ఎలా పెట్టను?” అని అడిగారు. “పెట్టనక్కరలేదండీ, ఎండబెట్టిన లార్వాలు దొరుకుతాయి. మూత బిగించి బాబు గదిలో ఉంచండి. ఎండువి ఎక్కువైతే మలబద్ధకం చేస్తుంది, గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి కొద్దిగానే పెట్టమనండి” అన్నాను. ఆవిడ స్థిమితపడి, పిల్లి మేత సంచి వెనక్కి తిప్పి చదివారు. మొదటి దినుసు కోడిమాంసం.

“ఇదీ వాడి గదిలోనే” అన్నారు.