మా ఇంటి బడికి గంట లేదు

"ఏటమ్మా, గుంటలకి బడి నేదేటి?"

పిల్లలకి బడి లేదా అని. ఈ ఏడాదిన్నరలో నన్ను అందరూ అడిగిన ప్రశ్న ఇదే. పాలు పోసే ఆవిడ అడిగింది, రైతు బజారులో ఆకుకూరలమ్మే ముసలమ్మ అడిగింది, పెళ్లిళ్లలో చుట్టాలు అడిగారు. మొదట్లో ఏం చెప్పాలో తెలియక మాట మార్చేదాన్ని. ఇప్పుడు "ఇంట్లోనే చదువుతున్నారండీ" అని నేరుగా చెబుతున్నాను. ఈమధ్య మా వీధిలోనే ఇద్దరు తల్లులు ఇంటికొచ్చి, రోజంతా ఏం చేయిస్తాను, ఎలా చేయిస్తాను అని శ్రద్ధగా అడిగారు. వాళ్లకు చెప్పినవే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం. ఇల్లు నాగావళికి దగ్గర. మా ఆయన ఉదయం ఎనిమిదింటికి ఉద్యోగానికి వెళితే రాత్రి ఏడు దాటాకే వస్తారు. అత్తయ్య మాతోనే ఉంటుంది. పెద్దోడికి ఏడున్నరేళ్లు, చిన్నదానికి ఐదు నిండాయి.

పెద్దోడు ఒకటో తరగతిలో ఉండగా రోజూ పొద్దున్నే కడుపునొప్పి అనేవాడు. ఆదివారం మాత్రం ఉండేది కాదు. డాక్టరుకి చూపిస్తే ఏమీ లేదన్నారు. ఇంగ్లీషు రైములు గడగడా అప్పజెప్పేవాడు. అందులోదే ఒక్క మాట వేరే కాగితం మీద రాసి చూపిస్తే మాత్రం చదవలేకపోయేవాడు. తెలుగు అక్షరాలూ అంతే. మధ్యలోంచి ఒకటి చూపిస్తే మళ్లీ 'అ' దగ్గర మొదలుపెట్టి వరసగా అక్కడిదాకా వచ్చేవాడు. వాళ్ల టీచరు మంచి మనిషే. గది నిండా పిల్లలుంటే ఒక్కడి పక్కన కూర్చునే తీరిక ఆమెకి మాత్రం ఎక్కడిది? సంక్రాంతి సెలవుల తర్వాత ఇక వాణ్ని పంపలేదు.

కాగితాల సంగతి చాలామందికి భయం కాబట్టి చెబుతాను. 2009లో చేసిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరికీ ఉచితంగా చదువు అందించాలని అది చెబుతుంది. ఇంట్లో చదువు గురించి అందులో ప్రత్యేకంగా రాయలేదు. అయితే బడికి వెళ్లని బిడ్డను ఎప్పుడు తీసుకెళ్లినా వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలని ఉంది. ఆ ఒక్క వాక్యం తెలిశాక నాకు టెన్షన్ సగం తగ్గింది. మా ప్రయత్నం కుదరకపోయినా పిల్లాడి దారి మూసుకుపోదు. టీసీ తీసుకుని జాగ్రత్త చేశాం. మున్ముందు ఎన్ఐఓఎస్ (జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ) వాళ్ల సార్వత్రిక ప్రాథమిక విద్యలో పరీక్షలు రాయించాలని ఆలోచన. అందులో ఎ, బి, సి అని మూడు స్థాయిలున్నాయి. అవి మూడు, ఐదు, ఎనిమిది తరగతులతో సమానం. పద్నాలుగేళ్లు నిండితే అక్కడే పదో తరగతి కూడా కట్టవచ్చు.

మొదటి రెండు నెలలు నేను పెద్ద పొరపాటు చేశాను. గోడకి టైంటేబుల్ అతికించాను. తొమ్మిదికి తెలుగు, తొమ్మిదీ నలభైకి లెక్కలు, తర్వాత ఇంగ్లీషు. పీరియడ్ మారగానే గరిటతో పళ్లెం మీద కొట్టేదాన్ని. రెండో వారానికల్లా కడుపునొప్పి మళ్లీ వచ్చేసింది. వంటింట్లో నా వెనకే తిరుగుతూ పప్పు ఎందుకు పొంగుతుంది, ఆవిరి ఎటు పోతుంది అని నోరు మూయకుండా అడిగే పిల్లాడు, నేను పుస్తకం తీయగానే తల దించుకుని కూర్చునేవాడు. బడి మాన్పించి, అదే బడిని ఇంటికి తెచ్చానని నాకు అర్థమవడానికి అన్ని రోజులు పట్టింది. ఆ కాగితం చింపేసి, పదిహేను రోజులు ఏ చదువూ చెప్పకుండా ఊరుకున్నాను. ఆ పదిహేను రోజులూ నాకు నిద్ర పట్టలేదు. వాడికి మాత్రం నొప్పి పోయింది.

ఆ తర్వాత మా రోజులు ఒక దారిలో పడటానికి కారణం పాలావిడ. రోజూ లీటరు పోస్తుంది, అత్తయ్య పెరుగు తోడు పెట్టే రోజుల్లో లీటరున్నర. అరలీటరుకి ఒక గీత చొప్పున క్యాలెండరు మీద పెట్టమని చిన్నదానికి అప్పజెప్పాను. నెలాఖరుకి గీతలు లెక్కపెట్టి డబ్బులెంతో చెప్పడం పెద్దోడి పని. మొదటి నెల వాడి లెక్కకీ ఆవిడ లెక్కకీ ఒక లీటరు తేడా వచ్చింది. ఇద్దరూ అరుగు మీద కూర్చుని ఒక్కో తేదీ చూసుకుంటే, మేం ఊరెళ్లిన రోజున కూడా చిన్నది అలవాటుగా రెండు గీతలు పెట్టేసిందని తేలింది. బడి లేదేటని అడిగిన మనిషే ఇప్పుడు ఒకటో తారీఖున "బావూ, నా లెక్కెంతయింది?" అని వాణ్ని పిలుస్తుంది. ఇంట్లో ఎలాగూ జరిగే పనులకే చదువుని ముడిపెడితే రోజు దానంతటదే నిలబడుతుందని నాకు అక్కడే తెలిసింది.

పాల లెక్క, స్నానాలు, టిఫిన్ అయ్యేసరికి ఎనిమిదిన్నర. అప్పటినుంచి పది దాకా చాప మీద కూర్చుని చదువుకుంటాం. రోజు మొత్తంలో పుస్తకం, పెన్సిలు పట్టుకునే చదువు ఆ గంటన్నరే. ఇది వింటే అందరూ ఆశ్చర్యపోతారు. పిల్లాడి పక్కనే ఒక మనిషి కూర్చుంటే గంటన్నర చాలా ఎక్కువ సేపు. చిన్నదానికైతే పావుగంట దాటితే ఒద్దు. పళ్లెంలో బియ్యప్పిండి పరిచి వేలితో రాస్తుంది. వరసలో 'అ' నుంచి కాకుండా తల, వల, కల లాంటి మాటల్లోంచి అక్షరాలు ఇస్తున్నాను. దాంతో మొదటి వారంలోనే ఏదో ఒకటి చదివానన్న సంతోషం దానికి దొరికింది.

పెద్దోడికి అసలు చిక్కు ఒత్తుల దగ్గర వచ్చింది. చాలా ఒత్తులు అక్షరం పోలికలోనే ఉంటాయి కాబట్టి పట్టుకోగలిగాడు. త, న, మ, య, ర, ల ఒత్తులకి ఆ పోలిక ఉండదు. అమ్మ, నాన్న, అత్త, పిల్లి అని నాలుగు మాటలు నాలుగు అట్టముక్కల మీద రాసి మనుషులకీ పిల్లికీ పేరు చీటీల్లా ఇచ్చాం. పిల్లి చీటీ కిటికీకి కట్టాం. సూర్యుడికి 'య' ఒత్తు, చక్రానికి 'ర' ఒత్తు తర్వాత వచ్చాయి. నెల రోజులు పట్టింది, తొందర పెట్టలేదు. మన ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు ఒక పేజీ తెలుగులో, ఎదురు పేజీ ఇంగ్లీషులో ఉంటాయి. అవే తెచ్చుకున్నాం. తెలుగు పేజీ చదివి అర్థం చేసుకున్నాక ఇంగ్లీషు పేజీలో ఆ మాట ఎక్కడుందో తనే వెతుకుతాడు. ఇంగ్లీషు అంటే వాడికున్న బెదురు అలా కొద్దికొద్దిగా పోతోంది.

పదిన్నర నుంచి పన్నెండున్నర దాకా నాకు కష్టమైన సమయం. పొయ్యి మీద వంట ఉంటుంది, పిల్లలిద్దరికీ అప్పుడే పేచీ వస్తుంది. కేకలేసిన రోజులు ఉన్నాయి. కేకలేశాక బాధపడిన రోజులు కూడా ఉన్నాయి. ఆ సమయాన్ని అత్తయ్య తన చేతిలోకి తీసుకుంది. ఒకరోజు పెట్టెలోంచి తన పాత ఇత్తడి కొలతలు తీసింది: గిద్ద, సోల, తవ్వ. చాటలో బియ్యం పోసి పిల్లల ముందు పెట్టింది. రెండు గిద్దలు అరసోల, రెండు అరసోలలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. అన్నీ రెట్టింపులే. తవ్వ వరకూ పెద్దోడు బియ్యం కొలిచి చూశాడు. ఆపైన కొలతలు ఇంట్లో లేవు కాబట్టి పలక మీద రెట్టింపు చేసుకుంటూ వెళ్లాడు. రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు, ముప్పై రెండు, అరవై నాలుగు. కుంచానికి 64 గిద్దలని తేలగానే "నానమ్మా, నీకు ఈ లెక్క ఎవరు చెప్పారు?" అని అడిగాడు. "కళ్లంలో మా అయ్య కొలుత్తుంటే చూసీదాన్ని" అంది. బడి మొహం చూడని అత్తయ్య ఆ పూట మా ఇంట్లో లెక్కల టీచరు. మధ్యాహ్నం ఆమె భోజనం చేస్తూ నాతో ఎప్పుడూ చెప్పని తన చిన్నప్పటి కోతల కబుర్లు చాలాసేపు చెప్పింది.

మధ్యాహ్నం చిన్నది పడుకుంటుంది. పెద్దోడు బొమ్మలేస్తాడు, ఏదో విప్పుతాడు, బిగిస్తాడు. నేను అడ్డం వెళ్లను.

శుక్రవారం మాత్రం చాప వేయం, ఎక్కడికైనా వెళతాం. అరసవల్లి, శ్రీకూర్మం, శాలిహుండం అన్నీ చూశాం కానీ నాకు మర్చిపోలేనిది పొందూరు ప్రయాణం. ఆమదాలవలసలో శ్రీకాకుళం రోడ్ స్టేషన్ నుంచి పాసింజరు ఎక్కాం. మొదటి స్టేషన్‌లో బండి ఆగింది. పసుపు బోర్డు మా కిటికీకి ఎదురుగానే ఉంది. వాడు వేలితో గాల్లో రాసుకుంటూ, "ద కి కొమ్ముదీర్ఘం దూ, స కి గుడి సి... అమ్మా, దూసి!" అన్నాడు. ఎవరూ చదవమనలేదు. అక్షరమాల మొదటికి వెళ్లలేదు. ఎదుటి సీటులో ఉన్న పెద్దాయన "సరిగ్గా చదివావు బాబూ" అంటే సిగ్గుపడి నా కొంగులో మొహం దాచుకున్నాడు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

పొందూరులో ఖద్దరు కోసం పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. చిన్న చిన్న పళ్లున్న ఆ ఎముక ముక్కతో ఒకామె పత్తిలో చెత్త పోయేలా ఎంతో నెమ్మదిగా దువ్వుతుంటే పిల్లలిద్దరూ కదలకుండా కూర్చుని చూశారు. ఇంటికొచ్చాక పెద్దోడు అడక్కుండానే నాలుగు వాక్యాలు రాశాడు. వాడు సొంతంగా రాసిన మొదటి రాత అది. ఆఖరి వాక్యం: "ఆ చేపకి ఇప్పుడు దవడ నేదు."

ఎర్రపెన్ను తీసుకున్నాను. ఆగిపోయాను. వాడు రాసింది నానమ్మ మాట, మా ఊరి మాట. విన్నది విన్నట్టు రాయగలగడానికే కదా ఇన్నాళ్లూ కష్టపడ్డాం. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు 1863 ఆగస్టు 29న పుట్టింది మా జిల్లాలోని పర్వతాలపేటలోనే. ఆ తేదీనే మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. సవర గిరిజనుల పిల్లలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని సవర నేర్చుకుని పుస్తకాలు తయారు చేసిన మనిషి ఆయన. ఆయన పుట్టిన గడ్డ మీద ఉంటూ ఆ మాట మీద కొట్టివేత గీత గీయడానికి నాకు చెయ్యి రాలేదు. పక్కన 'లేదు' అని రాసి, "ఇంట్లో ఇలా అంటాం, పుస్తకంలో ఇలా ఉంటుంది, నీకు రెండూ రావాలి" అని చెప్పాను. ఇప్పుడు ఏటి, ఏమిటి అని రెండు వరసల్లో మాటలు పోగుచేసే నోటుబుక్ ఒకటి పెట్టుకున్నాడు.

నాకింకా దారి దొరకనిది తోడు విషయంలో. సాయంత్రం నాలుగున్నర దాకా మా వీధిలో పిల్లలే ఉండరు. బడి నుంచి వచ్చాక ఐదింటికి మళ్లీ ట్యూషన్లకి వెళ్లిపోతారు. మా వాళ్లకి ఆడుకోవడానికి దొరికేది ఆ అరగంటే. పెద్దోడు నాలుగు నుంచే గేటు దగ్గర నిలబడి ఎదురుచూస్తుంటే నాకు గుండె పిండేసినట్టుంటుంది. వేసవిలో అత్తయ్య ఊరు వెళితే చుట్టాల పిల్లలు పదిమంది ఉంటారు, అక్కడ రెండు నెలలూ సంబరమే. మిగతా పది నెలల సంగతి నేనింకా ఆలోచిస్తూనే ఉన్నాను.

రాత్రి భోజనాలయ్యాక వాళ్ల నాన్న కథ చదువుతారు. ఆ తర్వాత నేను ఆ రోజు జరిగింది నాలుగైదు లైన్లలో తేదీ వేసి రాసుకుంటాను. పరీక్షలకి కట్టేటప్పుడు ఏం వచ్చో ఏం రాదో చూసుకోవడానికి పనికొస్తుందని మొదలుపెట్టాను. ఏమీ జరగని రోజులుంటాయి, జ్వరాలు, చుట్టాలు, కరెంటు పోవడం. ఆ రోజుల్లో "ఈరోజు ఏమీ లేదు" అని రాస్తాను. నెలకి నాలుగైదు అలాంటివి ఉంటాయి.

వచ్చిన ఇద్దరు తల్లుల్లో ఒకామె కూతురికి బడంటే ఇష్టమేనట. అయితే మాన్పించవద్దని చెప్పాను. అది సంతోషంగా వెళుతుంటే మన ఇంటి చాప దానికెందుకు? రెండో ఆమె ఆలోచించుకుంటానంది. వెళ్తూ వెళ్తూ మొదటామె ఆగి, "కుంచం లెక్క మా పాపకి కూడా చెప్పిస్తారా, శనివారం పంపుతాను" అంది. పెద్దోడు గేటు దాకా వెళ్లి ఎన్నింటికి వస్తారని అడిగొచ్చాడు. అత్తయ్య చాటలో మరో రెండు సోలల బియ్యం పోసి పక్కన పెట్టింది.