కప్పుల బీరువా నింపని సారు

మన బడి హెడ్‌మాస్టరు గదిలో ఆటల్లో గెలిచిన కప్పుల బీరువా ఎప్పుడూ సగం ఖాళీయే. అందుకు మన పీఈటీ సారే కారణమని స్టాఫ్‌రూములో గొణుక్కునేవాళ్లు. ఒకరకంగా నిజమే.

జోనల్ పోటీలు దగ్గరపడితే పక్క బళ్లల్లో ఏడో తరగతి పిల్లల్ని కూడా రెండు పూటలా ఉరికించేవాళ్లు. మన సారు తొమ్మిదో తరగతి దాకా ఎవరికీ 'నీది ఫలానా ఈవెంట్' అని చెప్పనే లేదు. ఉరుకుడులో ముందున్నోణ్ని ఖోఖోలో దింపేవారు, కబడ్డీ వాడితో లాంగ్‌జంప్ దుంకించేవారు. "ఇప్పుడే ఒక్కదానికి కట్టేస్తే ఇంటర్‌కు వచ్చేసరికి ఆటంటేనే యాష్టకొస్తది" అనేవారు.

పొద్దున గ్రౌండుకు రాగానే మొదటి ప్రశ్న "ఏం తిన్నవ్ బిడ్డా?". పర్వతగిరి, వర్ధన్నపేట దిక్కు నుంచి మొదటి బస్సుకు వచ్చేవాళ్లు ఏమీ తినకుండానే వచ్చేవాళ్లు. సారు సంచీలో నానబెట్టిన శనగల డబ్బా ఉండేది. అది ఖాళీ అయ్యాకే వార్మప్.

ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో మగపిల్లలు ఒక్కసారిగా పొడుగైపోతారు కదా. ఎముక పెరిగినంత జల్దీ కండరాలు సాగవు, దుంకే పిల్లలకు మోకాలిచిప్ప కింద బుడిపెలా ఉబ్బుతుంది. ఇంట్లోవాళ్లు దొంగవేషాలు అనుకునేవాళ్లు. సారు అక్కడ బొటనవేలితో నొక్కి చూసేవారు. పిల్లవాడు మూతి బిగించాడంటే జంపులు, స్ప్రింట్లు బంద్. ఆ కొన్ని వారాలూ వాడి చేతికి స్టాప్‌వాచ్ ఇచ్చేవారు, లేదంటే నిలబడి బ్యాటన్ అందుకోవడం నేర్పేవారు. "ఇది రోగం కాదురా, పెరుగుడు. ఆగకపోతెనే రోగమైతది." ఆడపిల్లల సంగతి ఇంకా కష్టం. ఆ వయసులో ఒళ్లు మారుతుంటే టైమింగ్ ఏడాది, రెండేళ్లు అక్కడే ఆగిపోతుంది. చాలామంది అక్కడే మానేస్తారు. సారు వాళ్ల ముందు స్టాప్‌వాచ్ బయటికి తీసేవారే కాదు, పైగా ఇళ్లకు పోయి తల్లులతో మాట్లాడి వచ్చేవారు.

అసలు గొడవ పుట్టినతేదీల దగ్గర. అండర్-14లో అవతలి జట్ల నుంచి మీసాలొచ్చినోళ్లు దిగేవాళ్లు. మనవాళ్లకూ ఒక ఏడాది తగ్గించి రాయించమని తల్లిదండ్రులే అడిగేవాళ్లు. సారు ససేమిరా అన్నారు. దానివల్ల మంచి ఆటగాళ్లు కొందరికి స్పోర్ట్స్ కోటాకు పనికొచ్చే సర్టిఫికెట్లు రాలేదు. ఆ కోపం ఇప్పటికీ ఉన్నవాళ్లు మన బ్యాచ్‌లోనే ఉన్నారు, వాళ్లది తప్పని నేననను. కానీ ముప్పై దాటాక కూడా పొద్దున్నే హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో ఉరికేవాళ్లలో మన బడివాళ్లే ఎందుకంత మంది కనిపిస్తారో కూడా లెక్కలోకి తీసుకోవాలి.

2021లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ హనుమకొండలో జరిగినప్పుడు సారుతో కలిసి చూడటానికి పోయాం. అందరం ఫినిషింగ్ లైను దగ్గర నిలబడితే, సారు వార్మప్ చేసే చోటికి పోయి కూర్చున్నారు. గెలిచేవాళ్లు ఎట్లయినా పేపర్ల కనబడతారట.

2024లో పారిస్ పారాలింపిక్స్‌లో మన కల్లెడ పిల్ల జీవాంజి దీప్తి 400 మీటర్లు 55.82 సెకన్లలో ఉరికి కాంస్యం తెచ్చినరోజు మన వాట్సాప్ గ్రూపు మోగిపోయింది. సారు చాలాసేపటికి ఒక్క మెసేజ్ పెట్టారు: "ఇరవై ఏండ్ల పిల్ల. ఎవ్వరు తొందర పెట్టకుంటే ఇంకా రెండు పారాలింపిక్స్ ఉరుకుతది."