దాలిపాలు, పీట్ పొగ

మా అమ్మమ్మ ఇంటి పెరట్లో దాలిగుంట ఉండేది. పొద్దున్నే పిడకలు పేర్చి నిప్పు రాజేసి, దాని మీద పాలకుండ పెడితే, సాయంత్రం దాకా ఆ పాలు పొంగకుండా, మాడకుండా కాగుతూ ఉండేవి. లేత ఎరుపు తిరిగిన ఆ పాలలో, వాటి మీద వేలు మందాన కట్టిన మీగడలో, ఆ పెరుగు చిలికి తీసిన వెన్నలో సన్నని పొగ వాసన ఉండేది. అమ్మమ్మ పిడకలు వాడింది రుచి కోసం కాదు. ఇంట్లో పశువులున్నాయి కనుక, కట్టెలు కొనడం భారం కనుక వాడింది. గ్యాస్ పొయ్యి వచ్చి దాలిగుంటను పూడ్చేసిన తరువాతనే పాలలో ఏదో తగ్గిందని ఇంటిల్లిపాదికీ తెలిసింది.

గ్లాస్గోలో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో, స్కాట్లండ్ పశ్చిమ తీరాన ఉన్న ఐలా ద్వీపానికి వెళ్ళి, బోమోర్ విస్కీ డిస్టిలరీలో బార్లీ గింజలు పీట్ అనే చిత్తడినేల మట్టి పొగలో ఆరుతుండగా చూసినప్పుడు నాకు వెంటనే గుర్తుకొచ్చింది ఆ దాలిగుంట. సింగిల్ మాల్ట్ విస్కీ వారసత్వం గురించి చెప్పేటప్పుడు రాజులను, కోటలను, కొండలను, సెలయేళ్ళను తలుచుకోవడం మామూలు. నేను చూసినంతలో, చదివినంతలో, ఆ విస్కీలో మనం ఈనాడు మెచ్చుకునే రుచుల్లో పెద్ద భాగం ఇబ్బందుల నుంచి పుట్టింది. వంటచెరకు లేని చోట దొరికిన ఇంధనం, కొత్త పీపాలు కొనలేని చోట చవకగా వచ్చిన పాత పీపాలు కలిసి దానికి ఆ రుచిని ఇచ్చాయి.

సింగిల్ మాల్ట్ అన్న మాటకు అర్థం మన దగ్గర చాలామందికి సరిగా తెలియదు. సింగిల్ అంటే ఒకే పీపా అని కాదు, ఒకే రకం బార్లీ అని కూడా కాదు. ఒకే డిస్టిలరీలో తయారైనదని. మొలకెత్తించిన బార్లీ, నీళ్ళు, ఈస్ట్ తప్ప మరే ధాన్యమూ కలపకుండా, కుండ ఆకారపు బట్టీల్లో విడతలు విడతలుగా వండి, 700 లీటర్లకు మించని ఓక్ పీపాల్లో కనీసం 3 ఏళ్ళు స్కాట్లండ్ నేల మీదనే ఉంచి, 40 శాతానికి తగ్గని ఆల్కహాల్‌తో సీసాకు ఎక్కించినదే స్కాచ్ సింగిల్ మాల్ట్ అని 2009 నాటి చట్టం చెబుతుంది. సీసా మీద 12 ఏళ్ళు అని ఉంటే, అందులో కలిసిన విస్కీలన్నిటిలోనూ వయసులో అతి చిన్నదానికి 12 ఏళ్ళు నిండాయని అర్థం.

ఈ పానీయానికి దొరుకుతున్న తొలి లిఖిత ఆధారం 1494 నాటి స్కాట్లండ్ రాజకోశపు లెక్కల్లో ఉంది. జాన్ కోర్ అనే క్రైస్తవ సన్యాసికి ఆక్వా వీటే తయారుచేయడానికి ఎనిమిది బోల్‌ల (బోల్ అంటే పాతకాలపు ధాన్యం కొలత) మాల్ట్ ఇచ్చినట్టు అందులో రాశారు. ఆక్వా వీటే అంటే లాటిన్‌లో జీవజలం. అదే అర్థం వచ్చే గేలిక్ మాట ఊష్క బెహా జనం నోట నలిగి నలిగి విస్కీ అయింది. ఆ తరువాతి మూడు వందల ఏళ్ళ చరిత్రను పన్నులు విధించేవారికీ, ఎగవేసేవారికీ మధ్య నడిచిన పోరాటమని చెప్పవచ్చు. స్కాట్లండ్ పార్లమెంటు 1644లో తొలిసారి పన్ను వేసింది. కొండలోయల్లో చాటుమాటుగా సాగిన బట్టీలను 1823 నాటి ఎక్సైజ్ చట్టం వెలుగులోకి రప్పించింది. ఏడాదికి పది పౌండ్ల లైసెన్సు, కనీసం 40 గ్యాలన్ల బట్టీ ఉండాలన్న నియమం వచ్చాక చట్టబద్ధంగా వండడమే లాభసాటి అయింది. గ్లెన్‌లివెట్ లోయలో జార్జ్ స్మిత్ అనే రైతు 1824లో లైసెన్సు తీసుకున్నాడు. పొరుగున ఉన్న దొంగబట్టీల వాళ్ళకు అది కంటగింపు కావడంతో, ఆయన చాలాకాలం నడుముకు రెండు పిస్తోళ్ళు కట్టుకుని తిరగవలసి వచ్చింది.

ఇక ధాన్యం దగ్గరకు వస్తాను, ఎందుకంటే నాకు అన్నిటికన్నా అపురూపంగా తోచింది అదే. మాల్ట్ అంటే ఏమిటో తెలుగువారికి విడమరచి చెప్పనక్కరలేదు. రాగులను నానబెట్టి, గుడ్డలో మూటగట్టి, మొలకలు వచ్చాక ఆరబెట్టి, వేయించి విసిరితే అది రాగి మాల్ట్. పసిపిల్లలకు అది ఎందుకు తియ్యగా, తేలికగా ఉంటుందో, విస్కీకి బార్లీ ఎందుకు పనికివస్తుందో చెప్పే కారణం ఒక్కటే. మొలకెత్తే గింజ తన కడుపులోని పిండిని చక్కెరగా మార్చుకోవడానికి ఎంజైములను సిద్ధం చేసుకుంటుంది. సరిగ్గా అక్కడే మొలకను ఆపాలి. ఇంకొంచెం ఆలస్యమైతే ఆ చక్కెరనంతా మొక్క తినేస్తుంది.

ఈ పని నేల మీద, మనుషుల చేతులతో చేసే డిస్టిలరీలు ఇప్పుడు స్కాట్లండ్‌లో వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని మాత్రమే మిగిలాయి. ఐలాలో బోమోర్, లాఫ్రోయిగ్, కిల్హోమన్ వాటిలోవి. తక్కువ ఎత్తు కప్పుతో, పొడవైన రాతిగదిలో, నానిన బార్లీని జానెడు మందాన నేలంతా పరుస్తారు. గింజలు మొలకెత్తుతూ వేడెక్కుతాయి. ఆ వేడి పేరుకోకుండా, వేళ్ళు ఒకదానితో ఒకటి పెనవేసుకోకుండా రాత్రింబగళ్ళు కొన్ని గంటలకొకసారి చెక్క పారలతో తిరగేస్తూ ఉండాలి. అక్కడ పనిచేసే పెద్దాయన ఒక గింజను తీసి నా అరచేతిలో పెట్టారు. తడిగా, కొద్దిగా వెచ్చగా ఉంది, దోసకాయ కోసినప్పటి వాసన వస్తోంది. దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలపమన్నారు. నలిపితే లోపలి పిండి సుద్దముక్కలా తెల్లగా వేలికి అంటుకుంది. గట్టిగా గింజలా తగిలితే ఇంకా సమయం ఉందనీ, జిగటగా ఉంటే చేయి దాటిందనీ, సుద్దలా అంటితే అదే అదను అనీ చెప్పారు. ఏ మీటరూ లేకుండా ఒక మనిషి వేలికొసతో తేల్చే ఆ నిర్ణయం మీద రాబోయే పన్నెండేళ్ళో పదిహేనేళ్ళో ఆధారపడి ఉంటాయన్న ఆలోచన నన్ను చాలాసేపు వదలలేదు.

అదను వచ్చిన గింజను ఆరబెట్టాలి. ఐలాలో చెట్లు తక్కువ. పొయ్యిలోకి దొరికింది పీట్ ఒక్కటే. చిత్తడి నేలల్లో నాచు, హెదర్ అనే పొద, గడ్డి వేల ఏళ్ళపాటు కుళ్ళీ కుళ్ళక పేరుకుని, నల్లటి మెత్తని మట్టిలా తయారైనదే పీట్. ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు మాత్రమే పెరుగుతుంది కనుక, మీటరు లోతున తవ్విన పీట్ ముక్క వయసు వెయ్యేళ్ళని అనుకోవచ్చు. దాన్ని ఇటుకల్లా కోసి, ఎండకూ గాలికీ ఆరేసి, కుప్పలు వేస్తారు. దూరం నుంచి చూస్తే అచ్చం మన పిడకల గూడులాగే ఉంటుంది. అది మంట మండదు, పొగలు కక్కుతూ రగులుతుంది. ఆ పొగలోని ఫినాల్ అనే పదార్థాలు గింజ తడిగా ఉన్నంతసేపే పైపొట్టుకు అంటుకుంటాయి. గింజ ఆరిపోయాక ఎంత పొగ పెట్టినా ప్రయోజనం తక్కువ. ప్రధాన భూభాగంలోనూ ఒకప్పుడు పీట్ వాడేవారు, కానీ 19వ శతాబ్దపు రెండో సగంలో స్పేసైడ్ లోయకు రైలు వచ్చి, దానితో బొగ్గు, కోక్ అనే పొగ తక్కువ బొగ్గు వచ్చాక అక్కడి విస్కీల్లో పొగ పలచబడింది. ద్వీపాలు మాత్రం తమ నేలలో ఉన్నదాన్నే నమ్ముకున్నాయి.

ఫినాల్‌ను పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలని లెక్కిస్తారు. ఐలాలోని లాగవూలిన్ డిస్టిలరీ వాడే మాల్ట్‌లో అది 35 ప్రాంతంలో ఉంటుంది, ఆర్డ్‌బెగ్ డిస్టిలరీ మాల్ట్‌లో 55 ప్రాంతంలో. ఈ అంకెలను చూసి విస్కీని అంచనా వేయడం సరికాదని నా అభిప్రాయం. ఎందుకంటే ఈ లెక్క మాల్ట్‌కు సంబంధించినది, సీసాలోకి చేరేది అందులో కొంతే. లాగవూలిన్‌కూ, అదే ద్వీపంలోని కూల్ ఈలాకూ మాల్ట్ వెళ్ళేది ఒక్క చోటి నుంచే, 1973లో మొదలైన పోర్ట్ ఎలెన్ మాల్టింగ్స్ అనే మాల్ట్ కర్మాగారం నుంచి. పొగ మోతాదు కూడా దాదాపు సమానమే. అయినా లాగవూలిన్ గాఢంగా, నూనె జిడ్డుతో నాలుక మీద కూర్చుంటుంది. కూల్ ఈలా తేలికగా, నిమ్మతొక్క వాసనతో, ఉప్పుగాలిలా తగిలి వెళ్ళిపోతుంది. తేడాలో పెద్ద భాగం బట్టీలది. కూల్ ఈలాలో ఎత్తైన రాగి బట్టీలను నిండా నింపకుండా వండుతారు కనుక, ఆవిరి రాగి గోడలను ఎక్కువసేపు తాకుతూ, బరువైన భాగం మళ్ళీ మళ్ళీ కిందికి జారిపోతుంది. రాగి ఊరికే పాత్ర కాదు. ఆవిరిలోని గంధకపు వాసనలను తనలోకి లాక్కుంటుంది. అలా లాక్కుని లాక్కుని బట్టీ గోడ ఏళ్ళు గడిచేకొద్దీ పలచబడిపోతుంది, అప్పుడు రేకు మార్చాల్సిందే.

ఒకదాని తరువాత ఒకటిగా వండే రెండు బట్టీల్లో రెండోదాని నుంచి కారే స్పిరిట్, అంటే ఇంకా పీపాకెక్కని మద్యం, ఇత్తడి చట్రపు గాజుపెట్టెలో పడుతుంది, ఆ పెట్టెకు తాళం ఉంటుంది. వెనకటి రోజుల్లో ఆ తాళంచెవి ఎక్సైజ్ అధికారి దగ్గర ఉండేది. ముందు వచ్చే ఘాటైన భాగాన్ని, చివర వచ్చే బరువైన భాగాన్ని పక్కకు మళ్ళించి, నడుమ ఉన్న దాన్ని మాత్రమే పీపాకు పంపుతారు. పొగకు సంబంధించిన పదార్థాలు ఆలస్యంగా వస్తాయి. అందువల్ల ఎప్పుడు ఆపాలన్న నిర్ణయమే ఒక్కొక్క డిస్టిలరీ స్వభావాన్ని నిలబెడుతుంది.

పీపా సంగతి మరీ ఆసక్తికరం. బట్టీ నుంచి వచ్చిన స్పిరిట్ నీళ్ళలా తెల్లగా ఉంటుంది. రంగు, వనిల్లా తీపి, కొబ్బరి వాసన అన్నీ ఓక్ చెక్క నుంచి రావలసిందే. అమెరికా చట్టం ప్రకారం బర్బన్ అనే అక్కడి విస్కీని లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలోనే ఉంచాలి. ఒకసారి వాడిన పీపా బర్బన్‌కు మళ్ళీ పనికిరాదు కనుక, ఆ పీపాలు లక్షలుగా స్కాట్లండ్ చేరుతున్నాయి. అంతకుముందు స్పెయిన్ నుంచి షెర్రీ ద్రాక్షసారాయి పీపాల్లోనే ఓడల మీద వచ్చేది. ఖాళీ పీపాలను తిప్పి పంపడం కన్నా విస్కీ నింపుకోవడం చవక. 1980లలో షెర్రీని స్పెయిన్‌లోనే సీసాలకు ఎక్కించడం మొదలయ్యాక, అలాంటి పీపాల కోసం ఇప్పుడు ప్రత్యేకంగా డబ్బు పోసి షెర్రీతో నానబెట్టించుకోవలసి వస్తోంది. ఎండుద్రాక్ష, ఖర్జూరం, లవంగం వాసనలిచ్చే ఆ పీపాలు ఒకప్పుడు మిగులు సరుకు.

ఐలా గురించి రాస్తూ బెస్సీ విలియమ్సన్‌ను తలవకుండా ఉండలేను. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో చదివిన ఆమె 1934లో మూడు నెలల టైపిస్టు ఉద్యోగానికి లాఫ్రోయిగ్‌కు వచ్చింది. యజమాని ఇయన్ హంటర్ జబ్బుపడ్డాక కార్యాలయం పనులన్నీ ఆమె చేతికి వచ్చాయి. ఆయన 1954లో మరణిస్తూ డిస్టిలరీని ఆమెకే అప్పగించాడు. మగవాళ్ళది అనుకున్న వ్యాపారాన్ని 1972 దాకా ఆమె నడిపింది. ఆ కాలానికి స్కాచ్ అంటే దాదాపు అంతా పలు డిస్టిలరీల విస్కీలు కలిపిన బ్లెండెడ్ విస్కీయే. ఐలా మాల్ట్‌లు ఎక్కువగా ఆ బ్లెండ్‌లలో పొగ వాసన కోసం కొద్దికొద్దిగా కలిసిపోయేవి. గ్లెన్‌ఫిడిక్ సంస్థ 1963లో సింగిల్ మాల్ట్‌ను స్కాట్లండ్ వెలుపల పట్టుదలగా అమ్మడం మొదలుపెట్టాకనే ప్రపంచం ఈ పేరు వినడం మొదలుపెట్టింది.

రుచి చూడడానికి వస్తే, నా పద్ధతి ఇది. అడుగు వెడల్పుగా, మూతి సన్నగా ఉన్న చిన్న గ్లాసులో రెండు చెంచాల విస్కీ పోసి, పది నిమిషాలు కదపకుండా ఉంచుతాను. నోరు కొద్దిగా తెరిచి వాసన చూస్తే ఘాటు ముక్కుకు ఎక్కదు. లాఫ్రోయిగ్ మొదట ఆసుపత్రి వాసనే వేస్తుంది. టింక్చర్ అయోడిన్, తడిసిన తాడు, ఆరిన నిప్పు. అమెరికాలో మద్యనిషేధం ఉన్న రోజుల్లో దాన్ని మందుగా అమ్మారంటే నమ్మబుద్ధి అవుతుంది. తరువాత నాలుగైదు చుక్కల నీళ్ళు వేస్తాను. నీళ్ళు కలిపితే విస్కీ పాడవుతుందని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. పొగ వాసననిచ్చే గ్వయకాల్ అణువులు ఆల్కహాల్ తగ్గితే ద్రవం ఉపరితలానికి చేరతాయని 2017లో స్వీడన్ శాస్త్రవేత్తలు కంప్యూటర్ నమూనాలతో చూపించారు. ఆ చుక్కలు పడ్డాక అయోడిన్ వెనక్కి తగ్గి, తేనె, కాల్చిన బార్లీ, ఉప్పు ముందుకు వస్తాయి. ఐసు వేస్తే ఇవన్నీ ముడుచుకుపోతాయి, అందుకే నేను వేయను.

మన వేడిలో ఈ విద్య సాగదని ఒకప్పుడు అనుకునేవారు. స్కాట్లండ్‌లో ఏటా పీపా నుంచి 2 శాతం మేర ఆవిరైపోతుంది, దానిని దేవదూతల వాటా అంటారు. బెంగళూరులో ఆ వాటా పది శాతం దాటుతుంది. అయినా అక్కడి అమృత్ సంస్థ తన సింగిల్ మాల్ట్‌ను 2004లో గ్లాస్గో నగరంలోనే విడుదల చేసింది. వేడికి చెక్క రుచి త్వరగా దిగుతుంది కనుక నాలుగైదేళ్ళకే అది పరిపక్వమవుతుంది. అది స్కాచ్ కాదు, కావలసిన అవసరమూ లేదు. దాని పరిమళంలో బెంగళూరు ఎండ ఉంది.

ఐలా నుంచి తెచ్చుకున్న సీసా ఇంకా సగం ఉంది. వారానికి ఒకసారి, అదీ చలికాలంలోనే తీస్తాను. రాత్రి తాగిన గ్లాసును కడగకుండా బల్ల మీద వదిలేసి, పొద్దున్న ముక్కు దగ్గర పెట్టుకుంటే తడి లేదు, ఘాటు లేదు, అడుగున పట్టీపట్టని పసుపు మరక మాత్రం ఉంది. పాలు తీసేసి, ఇంకా తోమని దాలికుండ లోపలికి తొంగి చూసినప్పుడు వచ్చే వాసనే అందులోంచి వస్తుంది.