జీడిపప్పు కవరు మీద క్యూఆర్ కోడ్: నా అనుభవం

కాశీబుగ్గలో మాది చిన్న జీడిపప్పు కొట్టు. పలాస స్టేషన్లో రైలెక్కేవాళ్లు, హైవే మీద కారు ఆపుకుని వచ్చేవాళ్లే మా బేరం. పప్పు బాగుందని వాళ్లకి ఇంటికెళ్లాక తెలుస్తుంది. అప్పటికి మా నంబరు ఎవరి దగ్గరా ఉండదు. "కవరు మీద క్యూఆర్ కోడ్ అంటిద్దాం అత్తా, స్కాన్ చేస్తే నేరుగా మన వాట్సాప్ తెరుచుకుంటుంది" అన్నాడు బీటెక్ చదివే మా మేనల్లుడు.

ఆ రాత్రే ఏదో ఉచిత సైట్లో పది నిమిషాల్లో కోడ్ తయారైపోయింది. మెరూన్ మీద బంగారు రంగు గళ్లు, మధ్యలో జీడిపండు బొమ్మ. చూడ్డానికి పెళ్లి శుభలేఖలా ఉంది. రెండు వేల స్టిక్కర్లు కొట్టించాం.

రెండు వారాలు దాటాక, బిల్లు దాచుకున్న బరంపురం ఆయన ఒకరు ఫోన్ చేశారు. "మీ కోడ్ కొడితే ఏదో ఇంగ్లీషు పేజీ వస్తోందండీ, డబ్బు కట్టమంటోంది." నా గుండె జారిపోయింది. విషయం ఏమిటంటే, ఆ గళ్లలో మా నంబరు లేనే లేదు. ఆ సైట్ వాళ్ల చిన్న లింకు ఉంది. అది వాళ్ల దగ్గరికి వెళ్లి, అక్కడి నుంచి మా వైపు తిరుగుతుంది. దీన్ని డైనమిక్ కోడ్ అంటారు. తర్వాత ఎప్పుడైనా లింకు మార్చుకోవచ్చు, ఎంతమంది స్కాన్ చేశారో లెక్క చూడొచ్చు. కానీ ఉచిత గడువు అయ్యాక నెలనెలా కట్టకపోతే దారి మూసేస్తారు. స్టాటిక్ కోడ్‌లో అయితే మన లింకే గళ్లలో ఉంటుంది, మధ్యలో ఎవరూ ఉండరు. ఒకసారి అచ్చయ్యాక మార్చడం కుదరదు, అంతే. పన్నెండేళ్లుగా ఒకే నంబరు వాడే మాకు మార్చాల్సిన పనేముంది?

ఈసారి స్టాటిక్. స్కాన్ చేయగానే "జీడిపప్పు కావాలి" అని మెసేజ్ ముందే రాసి ఉండాలని నేనే పట్టుబట్టాను. కోడ్ చూస్తే గళ్లు ఇసుక చల్లినట్టు వచ్చాయి. ఎందుకో మేనల్లుడు కాగితం మీద వేసి చూపించాడు. వాట్సాప్ లింకు నంబరుతో కలిపి 26 అక్షరాలే. కానీ లింకులో తెలుగు రాస్తే ఒక్కో గుర్తూ, అంటే అక్షరం వేరు, గుడి వేరు, తొమ్మిది ఇంగ్లీషు గుర్తులుగా మారిపోతుంది. ఆ రెండు మాటలతో లింకు 170కి చేరింది. అడ్డంగా 25 గళ్లు ఉండాల్సిన కోడ్ 53 గళ్లయింది. మా స్టిక్కరేమో రెండు సెంటీమీటర్లు! తెలుగు మీద ఎంత ప్రేమున్నా తీసేయక తప్పలేదు. దాని బదులు కవరుకి "P1", బిల్లుకి "P2" అని మెసేజ్ పెట్టాం. ఎక్కడి కోడ్ చూసి వచ్చారో దాన్నిబట్టే తెలిసిపోతుంది, లెక్కల కోసం ఏ సైట్‌కీ కట్టక్కర్లేదు.

రంగుల సరదా కూడా తీరింది. లేత రంగు మీద ముదురు గళ్లుండాలి. మాది తిరగబడ్డం వల్ల నా పాత ఫోన్ చదవనేలేదు. తెలుపు మీద నలుపుకి వచ్చేశాం. చుట్టూ నాలుగు గళ్ల వెడల్పున ఖాళీ వదలాలి. ప్రెస్ అబ్బాయి స్టిక్కర్ కలిసొస్తుందని ఆ అంచే కత్తిరించబోతుంటే ఆపాను. 1994లో జపాన్‌లో డెన్సో కంపెనీ కార్ల విడిభాగాల లెక్క కోసం ఈ కోడ్ కనిపెట్టింది. ఫ్యాక్టరీలో మురికైనా చదవగలిగేలా చేశారు. ఎంత చెడినా తట్టుకోవాలో దాన్నిబట్టి ఇందులో రకాలున్నాయి. గట్టి రకంలో దాదాపు 30 శాతం చెడినా పనిచేస్తుంది. అయితే ఆ రకంలో గళ్లు పెరుగుతాయి. అందుకని మధ్య గళ్లని కప్పేసే జీడిపండు బొమ్మ తీసేసి మధ్య రకంతో సరిపెట్టుకున్నాం. కవరు ముడతల మీద కాకుండా వెనక చదునుగా ఉన్నచోట అంటిస్తున్నాం.

నేను ఊహించని చిక్కు ఇంకోటి వచ్చింది. కోడ్ అంటే డబ్బులు కొట్టేదే అనుకుంటున్నారు జనం. పేమెంట్ యాప్‌తో స్కాన్ చేసి, చెల్లదని వస్తే పక్కన పడేస్తున్నారు. మా వీధి పెద్దావిడైతే కవరు తిప్పి చూసి, "ఏటమ్మా, ఇది కొడితే నా డబ్బులెల్లిపోతాయా?" అంది. అప్పుడు కోడ్ కింద "ఆర్డర్ కోసం. ఫోన్ కెమెరాతో స్కాన్ చేయండి. పేమెంట్‌కి కాదు" అని వేయించాం. మా నంబరు కూడా అంకెల్లో వేయించాం. మొదటిసారే వేయించి ఉంటే ఆ రెండు వేల స్టిక్కర్లూ వృథా అయ్యేవి కావు.

హైవే పక్కన ఫ్లెక్సీ మీద కూడా కోడ్ పెడదామన్నారు మా ఆయన. కోడ్ వెడల్పుకి పది రెట్ల దూరం నుంచి చదువుతుందని ఒక అంచనా. అడుగు కోడ్ పెడితే పదడుగుల దగ్గరికి రావాలి. ఆగని బండికి అదేం పనికొస్తుంది? అక్కడ పెద్ద అంకెల్లో ఫోన్ నంబరే రాయించాం.

కొత్త స్టిక్కర్లు వేసి మూడు నెలలైంది. మొన్న మెసేజ్‌లు లెక్కపెడితే P1 నలభై ఒకటి, P2 మూడు. వచ్చే విడత నుంచి బిల్లు మీద కోడ్ తీసేస్తున్నాం.